పంటి చికిత్సకు ముందు నోరు పుక్కిలించమని ఎందుకంటారు? దాంతో వైరస్ ఆగుతుందా?

పళ్ల డాక్టర్ దగ్గర కుర్చీలో కూర్చోగానే అసిస్టెంట్ మీ చేతికి ఓ చిన్న కప్పు ఇస్తారు. అందులో గోధుమ రంగులోనో, గులాబీ రంగులోనో కాస్త మందు ఉంటుంది. 'అర నిమిషం పుక్కిలించి ఉమ్మేయండి' అంటారు. కొవిడ్ వచ్చాక ఇది చాలా క్లినిక్‌లలో మామూలు పద్ధతి అయిపోయింది.

ఇంతకీ ఆ కప్పు ఎవరి కోసం? మీ పంటి కోసం అనుకుంటే పొరపాటే. ముఖ్యంగా అది మీ నోటి మీదకు వంగి పనిచేసే డాక్టర్, పక్కన నిలబడే అసిస్టెంట్, మీ తర్వాత అదే గదిలోకి వచ్చే మరో పేషెంట్ కోసం.

గదిలోకి ఏం చిమ్ముతుంది?

పళ్లు క్లీన్ చేసే స్కేలర్, పుచ్చు తొలిచే ఎయిర్ రోటర్ చాలా వేగంగా పనిచేస్తాయి. ఆ వేడికి పన్ను దెబ్బతినకుండా వాటి నుంచి నీళ్లు చిమ్ముతూనే ఉంటాయి. ఆ నీళ్లలో మీ ఉమ్మి, ఒక్కోసారి చిగుళ్ల రక్తం కలిసి తుంపర్లుగా లేస్తాయి. పెద్ద తుంపర్లు డాక్టర్ కళ్లద్దాల మీద, మీ చొక్కా మీద పడిపోతాయి. మరీ సన్నవి కొంతసేపు గాలిలోనే తేలుతుంటాయి. అందుకే 2020లో పంటి క్లినిక్‌ల విషయంలో అంత భయపడ్డారు. ఆ ఏడాది మే నెలలో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెడ్ జోన్లలో అత్యవసర పంటి చికిత్సలకే అనుమతి ఉండేది.

తుంపర్లను పూర్తిగా ఆపలేం కాబట్టి, కనీసం వాటిలో క్రిములను తగ్గిద్దాం అన్నదే పుక్కిలింత వెనకున్న ఆలోచన. 2020 ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పరీక్షకు ముందు 1 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో గానీ, 0.2 శాతం పొవిడోన్ అయోడిన్‌తో గానీ 20 సెకన్లు పుక్కిలించమని చెప్పింది.

ఏ మందు ఎంతవరకు?

కరోనా వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను చెదరగొడుతుందని కొవిడ్ రోజుల్లో మీరు వినే ఉంటారు. మౌత్‌వాష్‌లలో వాడే సెటైల్‌పిరిడినియం క్లోరైడ్ కూడా ఇంచుమించు అదే పని చేస్తుంది. బెటాడిన్ పేరుతో మనకు తెలిసిన పొవిడోన్ అయోడిన్ వైరస్‌లోని ప్రోటీన్లను కూడా దెబ్బతీస్తుంది. చిగుళ్ల జబ్బులకు ఎక్కువగా రాసే క్లోర్‌హెక్సిడిన్ బ్యాక్టీరియా మీద బాగా పనిచేస్తుంది గానీ వైరస్ విషయంలో అంత గట్టిది కాదు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ సంగతి కాస్త విచిత్రం. మొదట్లో గట్టిగా సిఫారసు చేసింది దాన్నే. తీరా అమెరికాలోని కనెక్టికట్ యూనివర్సిటీ పరిశోధకులు 2020లో ల్యాబ్‌లో పోల్చి చూస్తే, 0.5 శాతం పొవిడోన్ అయోడిన్ 15 సెకన్లలోనే కరోనా వైరస్‌ను నిర్వీర్యం చేసింది. 1.5 శాతం, 3 శాతం పెరాక్సైడ్ మాత్రం 30 సెకన్లు ఉంచినా పెద్దగా ప్రభావం చూపలేదు.

మరి ఇన్‌ఫెక్షన్ తగ్గిందా?

అసలు ప్రశ్న ఇదే, సమాధానం మాత్రం నిరాశపరుస్తుంది. గాజు గొట్టంలో వైరస్ చనిపోవడం వేరు, మనిషి నోట్లో చనిపోవడం వేరు. నోట్లో ఉమ్మి ఊరుతూనే ఉంటుంది. గొంతులో, ముక్కు వెనక భాగంలో ఉన్న వైరస్‌ను పుక్కిలించిన నీళ్లు తాకనే తాకవు. సింగపూర్‌లో కొవిడ్ రోగులపై చేసిన ఒక అధ్యయనంలో సెటైల్‌పిరిడినియం, పొవిడోన్ అయోడిన్ వాడిన వాళ్ల ఉమ్మిలో వైరస్ కొంత తగ్గినట్టు కనిపించింది. కానీ చివరికి పోల్చి చూసింది 16 మందినే.

వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కొక్రేన్ సంస్థ 2022లో ఈ అంశంపై 17 అధ్యయనాలను పరిశీలించింది. పుక్కిలించాక తుంపర్లలో బ్యాక్టీరియా తగ్గుతున్నట్టు వాటిలో చాలావరకు కనిపించింది. కానీ డాక్టర్లకు, సిబ్బందికి జబ్బులు సోకడం తగ్గిందా అన్నది వాటిలో ఒక్కటి కూడా లెక్కించలేదు. అంటే 'మౌత్‌వాష్ వాడితే వైరస్ వ్యాపించదు' అని ఏ క్లినిక్ బోర్డు పెట్టినా, దానికి తగిన రుజువు లేనట్టే.

మరో కోణం కూడా ఉంది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ 2021లో 28 మంది పేషెంట్ల చికిత్స సమయంలో పడిన తుంపర్లను పరీక్షించింది. వాటిలోని క్రిముల్లో ఎక్కువ భాగం పేషెంట్ ఉమ్మి నుంచి కాకుండా, యంత్రం చిమ్మే నీళ్ల నుంచి వచ్చినవేనని తేలింది. అంటే కుర్చీకి ఉన్న నీళ్ల పైపులు శుభ్రంగా ఉన్నాయా అన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే.

అలాగని ఆ కప్పును తోసేయనక్కర్లేదు. ఖర్చు తక్కువ, పట్టేది అర నిమిషం, హాని అరుదు. మాస్క్, గాలి వెలుతురు, నోటి దగ్గరే తుంపర్లను లాగేసే సక్షన్, పన్ను చుట్టూ కట్టే రబ్బర్ డ్యామ్ ఉన్నచోట ఇది ఒక అదనపు జాగ్రత్త. అవేవీ లేనిచోట ఇదొక్కటే ఉంటే మాత్రం దాని వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

కప్పు అందుకునే ముందు

థైరాయిడ్ సమస్య ఉన్నా, గర్భిణి అయినా, అయోడిన్ పడకపోయినా ముందే చెప్పండి. డాక్టర్ వేరే మందు ఇస్తారు. క్లోర్‌హెక్సిడిన్‌తో కొందరికి తీవ్రమైన అలెర్జీ వస్తుంది. అరుదే గానీ ప్రమాదకరం. గతంలో దద్దుర్లు వచ్చి ఉంటే దాచొద్దు. దీన్ని వారాల తరబడి వాడితే పళ్లకు గోధుమ రంగు మరకలు పడతాయి, రుచి మారుతుంది. ఉమ్మేయడం రాని చిన్న పిల్లలకు ఇవేవీ ఇవ్వకూడదు.

ఇంట్లో సొంతంగా కలుపుకోవడం ఇంకా ప్రమాదం. గాయాలకు రాసే బెటాడిన్, పుక్కిలించే బెటాడిన్ ఒకటి కావు. గాఢత వేరు, సీసా మాత్రం చూడ్డానికి దగ్గర దగ్గరగా ఉంటుంది. మెడికల్ షాపులో 'గార్గిల్' అని అడిగి తీసుకోండి, లేబుల్ మీద రాసినట్టే నీళ్లు కలపండి. మింగొద్దు.

హెపటైటిస్-బి, హెచ్‌ఐవీ లాంటివి రక్తం ద్వారా సోకుతాయి. వాటికి పుక్కిలింతతో సంబంధమే లేదు. అక్కడ కాపాడేది ఆటోక్లేవ్. 121 డిగ్రీల ఆవిరిలో కనీసం 15 నిమిషాలు ఉడికిన పరికరాలే వాడాలి. సీల్ చేసిన పౌచ్‌ను మీ ముందే తెరవమని అడగండి, గ్లౌజులు మార్చారో లేదో చూడండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్, విజయవాడ, కడప ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లోనైనా, మీ కాలనీ క్లినిక్‌లోనైనా ఇలా అడిగే హక్కు మీకుంది.

జ్వరం, దగ్గు ఉంటే క్లీనింగ్ లాంటివి వాయిదా వేసుకోండి. అయితే ముఖం వాచినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా ఆగొద్దు. వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేసి, దగ్గు జ్వరం సంగతి చెప్పి మరీ వెళ్లండి.