కోస్తా నేతలో కూలి: మగ్గం, కదురు, విదేశీ వర్తకం

17వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు మచిలీపట్నం చేరినప్పుడు వారు ముఖ్యంగా కోరినది బట్ట, ఎందుకంటే తూర్పు దీవులలో మిరియాలకూ లవంగాలకూ మారకంగా కోస్తా నేతబట్ట బాగా చెల్లేది. తరువాత ఐరోపా గిరాకీ కూడా తోడై, యానాం దగ్గరి ఇంజరం, నరసాపురం దగ్గరి మాధవాయపాలెం పెద్ద కొనుగోలు కేంద్రాలయ్యాయి. ఈ రెండవ ఊరి పేరే రూపు మారి 'మడపొల్లం' అనే బట్టరకంగా ఐరోపాలో నిలిచింది.

ఈ వర్తకం బయానా మీద నడిచేది, అంటే నూలు కొనడానికీ, బట్ట సిద్ధమయ్యేదాకా ఇల్లు గడవడానికీ కావలసిన సొమ్మును వర్తకుడు నేతగాడికి ముందే ఇచ్చేవాడు. బట్ట నాణ్యాన్ని పుంజాలలో, అనగా 120 పడుగుపోగుల లెక్కన కొలిచి ధర కట్టేవారు. డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు, స్థానిక వర్తకులు పోటీపడినంతకాలం, ధర గిట్టకపోతే బయానా తిరిగి ఇచ్చివేసి మరొకరికి నేసే వీలు నేతగాడికి ఉండేది. అతని కూలికి అసలైన రక్షణ ఆ వీలే. 1765–66లో ఉత్తర సర్కారులు కంపెనీ వశమయ్యాక కొనుగోలుదారే పాలకుడయ్యాడు. గుమాస్తాలు, బంట్రోతులు మగ్గాలపై నిఘా పెట్టి, ఇతరులకు నేయకుండా అడ్డుపడగా, ఆ శతాబ్దాంతానికి నేతగాళ్లు గుంపులుగా పని మానివేసి నిరసించవలసి వచ్చింది. నేతగాళ్ల కష్టాలకు మాంచెస్టరు మిల్లులనే మూలంగా చెప్పే అలవాటు, మిల్లుబట్ట రాకముందే జరిగిన ఈ అన్యాయాన్ని మరుగుపరుస్తుంది.

1813 చట్టం భారతదేశంతో వర్తకంలో కంపెనీ గుత్తాధిపత్యాన్ని తొలగించగా, 1833 చట్టం దాని వర్తకాన్నే ముగించింది. ఎగుమతి గిరాకీ అడుగంటినా మగ్గాలపైనా వృత్తులపైనా విధించే మొహతర్ఫా పన్ను మాత్రం ఆగలేదు. పైగా 1832–33 నాటి నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. అయినా మగ్గం పూర్తిగా ఆగకపోవడానికి ఒక కారణం, చౌకగా దిగుమతైన మిల్లు నూలుతో స్థానికులు కట్టే చీరలు, పంచెలు నేయగలగడం. నేతను నిలిపిన ఆ నూలే కదురును ఆపింది. ఒక మగ్గానికి పలువురు వడికితే గాని నూలు చాలేది కాదు కనుక, పొలం పనిలేని నెలలలో వడికి సంతలో నూలు అమ్ముకున్న స్త్రీలే, అందులోనూ వేరే ఆధారంలేని వితంతువులే, విదేశీ సరుకు వల్ల అందరికంటె ముందు పని కోల్పోయారు. నేతగాడికి దొరికిన ప్రత్యామ్నాయం వారికి లేదు, మిగిలింది ఋతువును బట్టి దొరికే పొలం కూలి ఒక్కటే.