సాన్స్ చూడాలా, నబ్జ్ చూడాలా?

అఫ్జల్‌గంజ్ దవాఖానా అనగానే మన పాతబస్తీ పెద్దలకు 1908 మూసీ తుగ్యానీ, ఎందరి జాన్‌లనో కాపాడిన చింతచెట్టు యాదికొస్తాయి. అంతకు ఇరవై ఏళ్ల ముందే ఆ దవాఖానా పేరు లండన్ డాక్టర్ల నోళ్లలో నానింది. దానికి సబబ్ ఒక్క సవాల్: క్లోరోఫాం ఇచ్చేటప్పుడు డాక్టర్ మరీజ్ సాన్స్ చూడాలా, నబ్జ్ చూడాలా?

1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫాం వాడటం మొదలుపెట్టాడు. కాలు చితికినవాణ్ని నలుగురు గట్టిగా పట్టుకుంటే కోసే రోజులు పోయాయని లోకం సంబరపడింది. 1848 జనవరిలో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోవడానికి పోయి, క్లోరోఫాం పీల్చిన కొద్ది నిమిషాలకే చనిపోయింది. ముందు ఆగింది గుండెనా, ఊపిరా? ఎడిన్‌బరో వాళ్లు సాన్స్ కనిపెట్టుకొని ఉండమన్నారు. లండన్ వాళ్లు నబ్జ్ వదలొద్దన్నారు.

ఎడిన్‌బరోలో చదివిన ఎడ్వర్డ్ లారీ 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా మన శహర్‌కు వచ్చాడు. మెడికల్ స్కూల్ కూడా ఆయన చేతికిందే. సాన్స్ సరిగ్గా చూస్తే క్లోరోఫాంతో ఎవరూ చావరని ఆయన యకీన్. 1888లో నిజాం సర్కార్ ఖర్చుతో కుక్కల మీద తహకీక్ చేయించి, తన మాటే సహీ అన్నాడు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇస్తాం, మీ మనిషినే పంపి చూసుకోండన్నారు. అలా 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. గుండెకే ఖత్రా అనుకుంటూ దిగినవాడు, కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు వందలకొద్దీ జానవర్ల మీద చూశాక రాయ్ మార్చుకున్నాడు. ముందు ఆగేది సాన్సే అని కమిషన్ ఫైసలా. మన శహర్ మాట విలాయత్ దాకా పోయింది. అది ఫఖర్ పడే సంగతే.

కానీ దోస్తులారా, ఆ ఫైసలా సగమే సహీ.

జానవర్‌కు క్లోరోఫాం ఎక్కువెక్కువ పట్టిస్తూ పోతే మొదట దిమాగ్‌లో ఊపిరిని నడిపే చోటు మొద్దుబారుతుంది. సాన్స్ ఆగుతుంది, తర్వాతే గుండె. కమిషన్ ఎక్కువగా చూసింది ఇదే. అయితే హన్నా లాంటివాళ్లు ఎక్కువ పీల్చి పోలేదు, షురూలోనే పోయారు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద దీని రాజ్ విప్పాడు: క్లోరోఫాం తక్కువగా ఉండి, భయానికి పుట్టే అడ్రినలిన్ ఒంట్లో ఎక్కువైతే, గుండె లయ తప్పి గిలగిల కొట్టుకొని ఒక్కసారిగా ఆగిపోతుంది. సాన్స్ మీదే నిఘా పెట్టినవాడికి ఆ చావు ముందుగా అందదు. లారీ మాత్రం ఎక్కడ మౌత్ జరిగినా, అది క్లోరోఫాం ఇచ్చినవాడి గలతీ అనేవాడు. అలా అన్నాక ఇక ఏ చావూ ఆయన యకీన్‌కు అడ్డు రాలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

జానవర్ల జవాబు అచ్చంగా మనిషి జవాబు కాదు. అందుకే ఇప్పటి డాక్టర్లు మరీజ్‌లనే, వాళ్ల రజామందీతోనో ఇంటివాళ్ల రజామందీతోనో, చీటీ వేసినట్టు రెండు గుంపులుగా పంచి చూస్తారు. బైక్ మీంచి పడి దిమాగ్‌లో ఖూన్ కారేవాళ్లకు, గడ్డకట్టిన నెత్తురు కరిగిపోకుండా ఆపే ట్రానెగ్జామిక్ ఆసిడ్ పనికొస్తుందా అని 29 దేశాల్లో 12,737 మంది మీద పరీక్షించారు. 2019లో నతీజా అచ్చయింది, అదే లాన్సెట్‌లో. జఖ్మ్ మరీ తీవ్రం కానివాళ్లకు, మూడు గంటల్లోపు ఇస్తే ఫాయిదా కనబడింది. తలకు దెబ్బ మరీ బలంగా తగిలినవాళ్లకు స్పష్టమైన ఫాయిదా కనబడలేదు. ఆ మాట కూడా దాచకుండా రాశారు.

లారీ నేర్పిన సాన్స్ నిఘా ఎన్నో జాన్‌లు కాపాడింది, ఇవాళ్టికీ ఆపరేషన్ బల్ల దగ్గర అది ఫర్జే. పక్కనే నబ్జ్ కూడా చూస్తారు. నిజాం ఖజానా అడిగిన సవాల్ గొప్పది. జవాబులో సగాన్ని తర్వాతి తహకీక్ కొట్టేసిందని చెప్పుకుంటే మన శహర్ ఇజ్జత్ ఏమీ తగ్గదు. హన్నా లాంటి పిల్లల చావు లెక్కలోకి రావాలంటే ఆ మాట చెప్పుకోవాల్సిందే.