కేకు గెలిచిన నడక

ఎన్నికల్లోనో క్రికెట్‌లోనో ఎవరైనా సునాయాసంగా గెలిస్తే మన పత్రికలు ‘కేక్‌వాక్’ అంటాయి. తెలుగులో అది నల్లేరుపై బండినడక. ఇంగ్లీషులో ఆ మాట మొదట్లో ఒక నడక పేరు, ఆ నడక నడవడాన్ని చెప్పే క్రియ కూడా: ఛాతీ విరిచి, మోకాళ్లు ఎత్తి, నలుగురూ చూసేలా ఠీవిగా నడవడం. ఆ ఠీవి పుట్టింది అమెరికా దక్షిణాది తోటల్లో, బానిసల మధ్య.

తోట యజమానుల విందుల్లో జంటలు చేయీచేయీ పట్టుకుని, బిగుసుకుని, వంగి వందనాలు చేసుకుంటూ కలియతిరిగేవి. అదంతా చూసిన బానిసలు తీరిక దొరికినప్పుడు తమ గుడిసెల ముందు ఆ నడకనే నడిచారు. వెన్ను ఇంకాస్త వెనక్కి, మోకాలు ఇంకాస్త పైకి. దొరలూ వచ్చి చూసి నవ్వేవారు, వెక్కిరింత తమ మీదేనని చాలామందికి తట్టలేదు. బాగా నడిచిన జంటకు బహుమతి ఒక కేకు. కొన్నిచోట్ల నేల మీద సుద్దగీత గీసి, తలపై నీళ్ల బకెట్టుతో ఒలకకుండా నడవమనేవారు. దీన్ని తేలిక పని అనడం అన్యాయం. ఈ సంగతులు మనకు చాలావరకు తెలిసింది 1865లో బానిసత్వం రద్దయ్యాక, ముసలితనంలో మాజీ బానిసలు చెప్పిన జ్ఞాపకాల వల్లే. తమ ఒంటి మీద తమకే హక్కు లేనివాళ్లు అంత నిటారుగా, అంత దర్జాగా నడిచారు. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

తర్వాత తెల్ల నటులు ముఖాలకు మసి పూసుకుని ఈ నడకను రంగస్థలం ఎక్కించారు. తెల్లవాళ్లను వెక్కిరించిన నల్లవాళ్లను వెక్కిరించే తెల్లవాళ్లన్నమాట! 1890ల్లో నల్లజాతి కళాకారులు దాన్ని మళ్లీ తమదిగా చేసుకున్నారు. వారిలో బెర్ట్ విలియమ్స్, జార్జ్ వాకర్ జంటది పెద్ద పేరు. కోటీశ్వరుడు విలియం వాండర్‌బిల్ట్ కేక్‌వాక్ ఆడాడని వార్త రాగానే, 1898లో వాళ్లిద్దరూ సూటుబూట్లలో ఆయన ఇంటికి వెళ్లి, తమతో పోటీకి రమ్మని 50 డాలర్ల పందెం కట్టారు. అదే ఏడాది విల్ మారియన్ కుక్ స్వరపరిచిన కేక్‌వాక్ సంగీత నాటిక ‘క్లోరిండీ’ న్యూయార్క్ ప్రేక్షకుల ముందుకు వచ్చింది. 1908లో పారిస్‌లో ఫ్రెంచ్ స్వరకర్త డెబ్యుస్సీ కూడా పియానో కోసం ఒక కేక్‌వాక్ రాశాడు.

వీళ్లందరిలో నాకు ఇష్టమైన పేరు జార్జ్ వాకర్ భార్య ఐడా ఓవర్టన్ వాకర్. ‘ఇన్ దహోమీ’ నాటక బృందంతో ఆమె 1903లో లండన్ వెళ్లింది. జూన్ 23న బ్రిటన్ రాజు మనవడి తొమ్మిదో పుట్టినరోజుకు ఆ బృందం బకింగ్‌హామ్ రాజప్రాసాదంలో ప్రదర్శన ఇచ్చింది. లండన్‌లోనూ న్యూయార్క్‌లోనూ గొప్పింటి స్త్రీలు ఐడాను పిలిపించుకుని కేక్‌వాక్ నేర్చుకున్నారు. గొప్పింటివాళ్లను వెక్కిరించడానికి పుట్టిన నడకను ఆ గొప్పింటివాళ్లే ఒక నల్లజాతి స్త్రీ దగ్గర పాఠంగా నేర్చుకున్నారు.