వెన్నుపాము గాయానికి కణ మార్పిడి: డబ్బు కట్టే ముందు ఏం చూసుకోవాలి?

బైక్ ప్రమాదంలోనో, మేడ మీద నుంచి పడో వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పడిపోయిన మనిషి మీ ఇంట్లో ఉన్నారా? అయితే 'స్టెమ్ సెల్స్‌తో నడిపిస్తాం' అనే ప్రకటన మీ ఫోన్‌లో ఈపాటికే కనిపించి ఉంటుంది. అప్పు చేసైనా చేయిద్దామని అనిపించడం సహజం. ముందు ఇది చదవండి.

ఇది ఆమోదం పొందిన చికిత్సేనా?
కాదు. మన దేశంలో వెన్నుపాము గాయానికి కణ మార్పిడి ఇంకా పరిశోధన దశలోనే ఉంది. ఐసీఎంఆర్, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి ప్రయోగాలు అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలి.

విదేశాల్లో ఫలితాలు ఎలా ఉన్నాయి?
జపాన్‌లోని కేయో యూనివర్సిటీ నలుగురికి కణాలు ఎక్కించి, 2025 మార్చిలో ఫలితాలు ప్రకటించింది. ఇద్దరిలో కదలికలు మెరుగుపడ్డాయి, మిగతా ఇద్దరిలో పెద్దగా మార్పు లేదు. వీళ్లంతా గాయమై కొన్ని వారాలే అయినవాళ్లు. మొదటి నెలల్లో కొందరికి కొంత శక్తి దానంతటదే తిరిగి వస్తుంది. కాబట్టి అదంతా కణాల వల్లేనని అప్పుడే చెప్పలేం. ఏళ్ల కిందటి గాయానికి ఇదే ఫలితం వస్తుందనీ అనుకోకూడదు.

ఆస్పత్రిని ఏం అడగాలి?
1. సీటీఆర్‌ఐ నంబర్. ఇది దేశంలోని క్లినికల్ ట్రయల్స్ నమోదు జాబితా. వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఆస్పత్రి పేరు, జబ్బు పేరు సరిపోయాయా చూడండి.
2. డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ అనుమతి, ఎథిక్స్ కమిటీ ఆమోదం. సీటీఆర్‌ఐలో నమోదైతేనే అనుమతి వచ్చినట్టు కాదు.
3. ఖర్చు. నిజమైన ట్రయల్‌లో కణాలకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ప్యాకేజీ ధర చెప్పారంటే అక్కడే ఆగండి.
4. తెలుగులో అంగీకార పత్రం. ట్రయల్ వల్ల హాని జరిగితే 2019 నిబంధనల ప్రకారం ఉచిత వైద్యం, పరిహారం అందాలి.

ఫిర్యాదు ఎవరికి?
పక్షవాతం నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం టోల్‌ఫ్రీ నంబర్ 1800-599-6969. ప్రకటన స్క్రీన్‌షాట్, రసీదు దాచి ఉంచండి.

మరి ఈలోగా?
బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ మేధోపరమైన వైకల్యాల కోసం ఏర్పాటైంది. వెన్నుపాము గాయానికి మీరు వెళ్లాల్సింది గాంధీ ఆస్పత్రికో, పంజాగుట్టలోని నిమ్స్‌కో. ఫిజియోథెరపీ ఆపకండి. పుండ్లు పడకుండా డాక్టర్ చెప్పినట్టు పక్కకు తిప్పి పడుకోబెడుతూ ఉండండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకోండి. ఈ రెండూ ప్రాణం మీదకు తెస్తాయి. యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేయండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే రిజర్వేషన్ లాంటి ప్రయోజనాలకు అర్హత వస్తుంది.

కణాల మీద ఆశ పెట్టుకోవడంలో తప్పు లేదు. చేతిలోని డబ్బు మాత్రం ముందు ఫిజియోథెరపీకి, వీల్‌చైర్‌కు, మంచి పరుపుకు ఉంచండి.