చేతిగడియారముల వేలము

వేలముపాట యెఱుగని గ్రామము లేదు. చెఱువులోని చేపలకును, చింతతోపు ఫలసాయమునకును, దేవాలయ మాన్యముల కౌలునకును పాటలు జరుగుచునే యుండును. సర్కారువారి పాటతో నారంభమై, పోటీదారుల పంతములతో పెరిగి, మూడవసారి యనునంతట ముగియు నీ పద్ధతిలో నొక న్యాయము గలదు. తోపులో కాయ యెంత యున్నదో చూచి, దానికెంత వచ్చునో లెక్కగట్టి, పాటదారుడు ధర పలుకును. లెక్క తప్పినచో నష్టము వానిదే.

నేను చెప్పబోవునది ఫలసాయమే లేని వస్తువునకు జరుగు పాటను గూర్చి. స్విట్జర్లండులోని జెనీవా నగరమునందును, న్యూయార్కునందును, హాంకాంగునందును పాత చేతిగడియారములు వేలమునకు వచ్చుచున్నవి. వానిలో కొన్నిటికి పలికిన ధర చిన్న గ్రామములోని భూములన్నిటి వెలను మించును. వేళ తెలిసికొనుటకు కొన్ని వందల రూపాయల గడియారము చాలును గదా! ఇంత ధనము దేనికై పోయుచున్నారు? దీనికి చరిత్రయే సమాధానము చెప్పవలెను.

మన పూర్వులు అడుగున రంధ్రముగల గిన్నెను నీటిపై నుంచి, అది మునిగినప్పుడు గడియ యయ్యెనని లెక్కించిరి. గడియ యనగా 24 నిమిషములు. గడియారమను మాట నేటికిని ఆ లెక్కను జ్ఞప్తికి దెచ్చుచున్నది. ఐరోపాలో చక్రములతో నడచు యంత్రము మొదట గోపురములపై నుండి, పిమ్మట గోడలకును, తుదకు జేబులలోనికిని దిగివచ్చెను. మణికట్టునకు కట్టుకొను గడియారము మాత్రము చాలకాలము స్త్రీల యాభరణముగానే యుండెను. నెపోలియను చెల్లెలును, నేపుల్సు రాణియు నగు కారొలీను 1810లో బ్రెగే యను ప్రసిద్ధ శిల్పిచేత నట్టిదానిని చేయించుకొనెను. పురుషులు దానిని చిన్నచూపు చూచిరి. 1914లో మొదలైన మహాయుద్ధము ఈ యభిప్రాయమును మార్చివైచినది. కందకములోని సైనికుని చేతులు రెండును తుపాకికే చాలకుండెను. నిర్ణయించిన నిమిషమున ముందున కుఱుకవలసినవాడు జేబు తడుముకొనుచు నిలువజాలడు గదా! యుద్ధము ముగియునప్పటికి చేతిగడియారము మగవానికిని తగిన వస్తువయ్యెను.

అటుపిమ్మట నర్ధశతాబ్దము స్విట్జర్లండు పనివారిదే. 1839లో స్థాపితమైన పటెక్ సంస్థ ఫిలిప్ అను శిల్పి చేరికతో పటెక్ ఫిలిప్ అయి, చిన్న బిళ్లయంత స్థలములో వందలకొలది భాగముల నమర్చెను. 1941లో నా సంస్థ 1518 సంఖ్య గల గడియారమును వెలువరించినది. అది వేళనే గాక వారమును, తేదీని, నెలను, చంద్రుని వృద్ధిక్షయములను గూడ చూపును. ఫిబ్రవరికి 28 దినములో 29 దినములో తానే యెఱిగి తేదీని మార్చును.

1969లో జపానువారు స్ఫటికముతోను, చిన్న విద్యుద్ఘటముతోను నడచు చేతిగడియారమును బజారులో బెట్టిరి. దానికి కీ యీయవలసిన పని లేదు. పైగా నది శిల్పి చేసినదానికంటె సరిగా నడచెను. కొలదికాలములోనే దాని ధర పడిపోయెను. పదిపదునైదేండ్లలో స్విట్జర్లండున వేలకొలది పనివారు వృత్తిని గోలుపోయిరి. మన దేశమున 1961లో హెచ్.ఎం.టి. వారు బెంగుళూరులో చేతిగడియారముల నారంభించిరి. ఒకప్పుడు పెండ్లికుమారునకు మామగారు పెట్టు గడియారమనగా నదియే. ఆ గడియారముల సంస్థను మూసివేయుటకు ప్రభుత్వము 2016లో నిశ్చయించినది.

నా యభిప్రాయమున వేలముల కథకు మూల మిచ్చటనే గలదు. కాలము చూపుట యను పనిని చౌకయంత్రము లాగికొన్న పిదప, చేతిపని గడియారమునకు మిగిలినది దాని శిల్పమును, దాని చరిత్రయునే. పనిముట్టుగా నోడినది పురావస్తువుగా గెలిచినది.

పాటదారులు లోహపు వెలను చూడరు. 1518 సంఖ్య గడియారములు మొత్తము 281 తయారైనవి. దాదాపన్నియు బంగారువి, ఉక్కుతో చేసినవి నాలుగుమాత్రమే తెలియవచ్చినవి. వానిలో నొకటి 2016లో జెనీవాలో 1 కోటి 10 లక్షల స్విస్ ఫ్రాంకులకు పోయెను. ఉక్కు బంగారమును మించినదన్నమాట. అరుదుదనము మొదటి గుణము. మెఱుగు పెట్టని కవచము, మార్చని ముఖఫలకము రెండవ గుణము. మూడవది, ఎవరి చేతినుండి యెవరి చేతికి వచ్చెనో తెలుపు సాక్ష్యము.

ఈ మూడవదాని బలమును చూడుడు. అమెరికా నటుడు పాల్ న్యూమను పందెపుకార్లు తోలువాడు. ఆయన భార్య రోలెక్సు గడియారమొకటి కొని, జాగ్రత్తగా తోలుమని వెనుకవైపు చెక్కించి యిచ్చెను. క్రొత్తగా నున్నప్పుడు దాని వెల కొన్ని వందల డాలర్లు. 1984లో తన కుమార్తె స్నేహితుని వేళ యెంతయని యడుగగా, తనకు గడియారము లేదని యాతడు చెప్పెను. న్యూమను తన చేతిది తీసి యిచ్చివైచెను. 2017లో న్యూయార్కున నది 1 కోటి 77 లక్షల డాలర్లకు పోయినది.

ఇంతకంటె నన్నాలోచింపజేసినది చైనా కడపటి చక్రవర్తి పూయీ గడియారము. రెండేండ్ల ప్రాయమున సింహాసన మెక్కి, 1912లో దానిని విడిచి, పిమ్మట మంచూరియాలో జపానువారి చేతిబొమ్మయై, 1945లో నాతడు రష్యావారికి పట్టుబడెను. అయిదేండ్లు వారి నిర్బంధములో నుండెను. వేలమువారు పరిశోధించి ప్రకటించిన వృత్తాంతము ప్రకారము, ఒకనాడు నిర్బంధములో విసుగుపుట్టి, తన పటెక్ గడియారపు ముఖము ప్లాటినమో కాదో చూడుమని సేవకునిచేత దానిని గీకించెను. ఇత్తడి బయటపడగా సేవకుడు చేయి నిలిపెను. 1950లో చైనాకు పంపబడునప్పుడు తన దుబాసీ యగు పెర్మ్యకోవునకు దాని నిచ్చివేసెను. 2023 మే నెలలో హాంకాంగున సుత్తి 4 కోట్ల హాంకాంగు డాలర్లయొద్ద పడెను. కొనువాడు వేలమువారికి ముట్టజెప్పవలసిన రుసుముతో గలిసి 4 కోట్ల 88 లక్షలయినది. గీకిన ముఖము దానికి లోపము కాలేదు. రాజ్యము పోయిన మనుజుని మనఃస్థితికి ఆ గీతలే వ్రాతపత్రములు.

సాక్ష్యమునకు వెల గలిగినచోట కూటసాక్ష్యమును పుట్టును. 2021లో ఒమేగా స్పీడ్‌మాస్టరు గడియారమొకటి జెనీవాలో 31 లక్షల ఫ్రాంకులకు పోయెను. కొన్నవారు ఒమేగా కంపెనీవారే. తమ ప్రదర్శనశాలకై కొనిరి. అది వేర్వేఱు గడియారముల భాగములను గూర్చి కట్టినదనియు, తమ పూర్వోద్యోగులకే యందు సంబంధ మున్నదనియు 2023లో వారే ప్రకటించిరి. చేసినవారే మోసపోయినప్పుడు ఇతరుల మాట చెప్పనేల? దొంగదస్తావేజుతో భూమి కొన్నవాని గతియే యిదియు.

ధనవంతుల యీ పంతములను మెచ్చుకొనుమని నేను చెప్పుట లేదు. అంత ధనముతో జరుగదగిన మంచిపనులు పెక్కులు గలవు. కాని వేలమువారు చూపు శ్రద్ధలో మనము గ్రహింపదగిన దొకటి గలదు. వారు ప్రతి గీతకును కారణము వెదకుదురు. కొన్న రసీదును, ఇచ్చిన ఉత్తరమును, పెట్టెను గూడ వస్తువుతో సమానముగా చూతురు. మన యిండ్లలో తాతగారి గడియారము పాతసామానులవానికి తూకమున పోవుచున్నది. లేదా మెఱుగుపెట్టుటలో దాని గుర్తులన్నియు మాసిపోవుచున్నవి. దానికి జెనీవాలో పాటదారు దొరకకపోవచ్చును. అయినను అది యెవరిదో, ఏ యేట ఎవరిచ్చిరో చిన్నకాగితముపై వ్రాసి దానితో నుంచినచో మనుమలకు తెలియును. ఆ సంగతి నోటితో చెప్పగలవారు నేడు పెద్దలే. వారి తరువాత చెప్పువారుండరు. కాగితముమీద నున్నదే నిలుచును.