దూరపు సూర్యుడు, ఒక పెద్ద భూమి



2015 జూలై 23న అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఒక వార్త ప్రకటించింది. హంస నక్షత్ర మండలంలో, మన సూర్యుణ్ణి పోలిన ఒక నక్షత్రం చుట్టూ, భూమికన్నా పెద్దదైన ఒక గ్రహం తిరుగుతున్నదని. దాని పేరు కెప్లర్-452బి. అక్కడ ఏడాదికి 385 రోజులు. పత్రికలు దాన్ని ‘రెండో భూమి’ అన్నాయి. కంటికి కనిపించని ఆ గ్రహం ఉన్నదని ఎలా చెప్పారు? ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చు? ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇలాంటి ప్రశ్నే ఒకప్పుడు మద్రాసులోనూ పుట్టింది.

మద్రాసు నుంగంబాకంలో ఈస్టిండియా కంపెనీ వారి నక్షత్రశాల ఉండేది. 1792లో కట్టిన భవనం అది. అక్కడి రాతి స్తంభం మీద తమిళంతో పాటు మన తెలుగులోనూ శాసనం చెక్కించారు. 1855లో ఆ నక్షత్రశాల అధికారి కెప్టెన్ జేకబ్ ఒక జంట నక్షత్రాన్ని పరిశీలించారు. దాని పేరు 70 ఒఫియూకీ. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే ఆ రెండు నక్షత్రాలూ లెక్క ప్రకారం ఉండవలసిన చోట లేవు. కనిపించని గ్రహమేదో వాటిని లాగుతూ ఉండవచ్చు, అందుకు అవకాశం చాలా ఎక్కువ అని ఆయన రాశారు. సూర్యుడు కాని మరో నక్షత్రానికి గ్రహం ఉన్నదని కొలతల ఆధారంగా చెప్పిన తొలి వాదాల్లో ఇది ఒకటి.

ఆ వాదం నిలబడలేదు. 1896లో అమెరికాలో సీ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని మళ్లీ ముందుకు తెచ్చారు. అటువంటి ఏర్పాటు స్థిరంగా ఉండజాలదని 1899లో మౌల్టన్ గణితంతో తేల్చారు. జేకబ్ చూసిన తేడా గ్రహం వల్ల వచ్చింది కాదు, కొలతల్లోని పొరపాటు.

ఇక మద్రాసు నుంచి విశాఖపట్నం వెళదాం. అక్కడ గోడే వెంకట జగ్గారావుగారు 1840లో సొంత ఖర్చుతో ఒక నక్షత్రశాల స్థాపించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874 డిసెంబరు 9న అక్కడి నుంచి శుక్రగ్రహణాన్ని పరిశీలించారు. అంటే శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లని చుక్కలా సాగిపోవడం. ఆ చుక్క సూర్యబింబంలో సుమారు వెయ్యో వంతును కప్పుతుంది. అంతమేరకు మనకు వెలుగు తగ్గుతుంది. ఈ చిన్న విషయంలోనే దూరపు గ్రహాలను పట్టుకునే ఉపాయం ఉన్నది.

తిరునాళ్లలో పెట్రోమాక్స్ దీపం ముందుగా ఒక పురుగు ఎగిరితే, దూరాన ఉన్న మీకు పురుగు కనపడదు. దీపం వెలుగు రవ్వంత తగ్గుతుంది. ఆ తగ్గుదల కొలవగలిగితే పురుగు ఎంత పెద్దదో చెప్పవచ్చు. అది సరిగ్గా అంతే కాలానికి మళ్లీ మళ్లీ తగ్గితే, ఆ పురుగు దీపం చుట్టూ తిరుగుతున్నదని కూడా చెప్పవచ్చు.

ఈ ఉపాయాన్ని అంతరిక్షం నుంచి అమలు చేయాలని పట్టుబట్టినవారు నాసాకు చెందిన విలియం బొరూకీ. 1992 నుంచి 1998 దాకా ఆయన ప్రతిపాదనను నాలుగుసార్లు తోసిపుచ్చారు. ఈలోగా 1995లో మేయర్, కెలోజ్ అనే స్విస్ శాస్త్రజ్ఞులు, నక్షత్రపు ఊగిసలాటను కొలిచే మరో పద్ధతిలో, సూర్యుని వంటి నక్షత్రానికి ఒక గ్రహాన్ని కనుగొన్నారు. బొరూకీ ప్రతిపాదనకు 2001లో అనుమతి దొరికింది. 2009 మార్చిలో కెప్లర్ దుర్భిణి పైకి వెళ్లింది. నాలుగేళ్లపాటు అది లక్షన్నర నక్షత్రాలను రెప్ప వేయకుండా చూసింది. 2013లో దాన్ని నిలకడగా ఉంచే చక్రాల్లో రెండోది కూడా చెడిపోవడంతో ఆ పరిశీలన ముగిసింది.

ఆ నాలుగేళ్లలో కెప్లర్-452 నక్షత్రపు వెలుగు నాలుగుసార్లు తగ్గింది. ఎంత తగ్గిందంటారా? పదివేల వంతుల్లో సుమారు రెండు వంతులు మాత్రమే. దాన్నిబట్టి గ్రహం వ్యాసం భూమి వ్యాసానికి 1.6 రెట్లని లెక్క కట్టారు. భూమికన్నా పెద్దవి, నెప్ట్యూన్ కన్నా చిన్నవి అయిన ఇటువంటి వాటిని శాస్త్రజ్ఞులు సూపర్ ఎర్త్ అంటారు. మన సూర్య కుటుంబంలో అటువంటిది ఒక్కటీ లేదు. ఆ నక్షత్రం వయసు సుమారు 600 కోట్ల ఏళ్లు, మన సూర్యుడికన్నా పెద్దది. దూరం మొదట 1,400 కాంతి సంవత్సరాలన్నారు. తర్వాతి కొలతల్లో అది సుమారు 1,800 అని తేలింది. అంటే ఈ రాత్రి మనకు చేరే ఆ వెలుగు, శాతవాహనుల పాలన ముగిసే రోజుల్లో బయలుదేరిందన్నమాట. ఈనాటి రాష్ట్రాల సరిహద్దులు అప్పుడు లేవు.

అయితే 2018లో మరో మాట వినిపించింది. కెప్లర్ సమాచారాన్ని పరిశీలించే నిపుణులే తిరిగి లెక్క వేశారు. ఇంత చిన్న తగ్గుదల, అదీ నాలుగంటే నాలుగుసార్లు కనబడినప్పుడు, అది దుర్భిణిలోని లోపాల వల్ల కూడా రావచ్చునన్నారు. గ్రహం లేదని వారు అనలేదు. నూటికి తొంభైతొమ్మిది పాళ్ల నమ్మకంతో ఉన్నదని చెప్పడానికి ఈ ఆధారం చాలదని, మరో పరికరంతో దాన్ని చూడాలని అన్నారు. అదే ఏడాది అక్టోబరులో కెప్లర్ ఇంధనం అయిపోయి శాశ్వతంగా ఆగిపోయింది.

శ్రోతలారా! జేకబ్ కాలానికీ, మన కాలానికీ పరికరాలు మారాయి కాని నియమం మారలేదు. ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పకూడదన్నదే ఆ నియమం. కెప్లర్-452బి పేరు గ్రహాల జాబితాలో ఉన్నది. దాని బరువు ఎవరూ కొలవలేదు, అది రాతి నేలో కాదో తెలియదు. నీరున్నదనీ, జీవులున్నాయనీ ఎవరైనా చెబితే అది ఊహే. ‘రెండో భూమి’ అన్న పేరు ఒక్కరోజులో లోకమంతా పాకింది. దాన్ని నిలబెట్టడానికి కావలసిన రెండో సాక్షి ఇంకా రావలసి ఉన్నది. తాము ప్రకటించిన దాన్ని తామే మళ్లీ తూచి చూసుకున్న ఆ నిపుణుల ఓపికే ఈ కథలో మనం గుర్తుంచుకోదగిన సంగతి.