మద్రాసులో దొరికిన ‘ఆసియా’

1861 ఏప్రిల్ 17న మద్రాసు వేధశాలలో నార్మన్ పోగ్సన్ అనే ఆంగ్లేయుడు ఒక కొత్త లఘుగ్రహాన్ని కనుగొన్నాడు. ఆయన ఆ వేధశాలకు వచ్చి అప్పటికి కొద్ది నెలలే అయినది. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే.

లఘుగ్రహాలను వెదకటానికి ఫొటోగ్రఫీ 1891లో గాని అక్కరకు రాలేదు. అంతవరకు దూరదర్శినిలో కనబడే చుక్కలను నక్షత్ర పటంతో పోల్చి చూడటమే మార్గం. పటంలో లేని చుక్క కనబడినంత మాత్రాన అది గ్రహమని అనుకోరాదు. పటం గీసినవారే ఒక నక్షత్రాన్ని వదలివేసి ఉండవచ్చు. నిజం తేల్చేది కదలిక ఒక్కటే. నక్షత్రాలు తమ తమ చోట్ల నిలిచి ఉండగా, లఘుగ్రహం వాటి మధ్య రాత్రి రాత్రికీ కొంచెం జరుగుతుంది. పోగ్సన్ ఈ పనిలో చేయి తిరిగినవాడు. ఆక్స్‌ఫర్డులో ఉండగానే 1856, 1857లలో మూడు లఘుగ్రహాలను పట్టుకున్నాడు.

కనుగొనటం కంటె నిలుపుకోవటం కష్టం. 1801 జనవరి 1న పియాజీ చూసిన సెరిస్, సుమారు నలభై రోజుల పరిశీలన తరువాత సూర్యుని వెలుగులో మరుగైపోయింది. ఆ కొద్దిపాటి కొలతలతో గౌస్ దాని కక్ష్యను గణించగా, ఆ సంవత్సరాంతాన తిరిగి దొరికింది. కక్ష్య తెలియని లఘుగ్రహం దొరికీ దొరకనట్లే.

అప్పటివరకు తెలిసిన లఘుగ్రహాలన్నీ యూరపు, అమెరికాలలో కనుగొన్నవే. మన ఖండం నుండి కనుగొన్న మొట్టమొదటిది ఇదే కనుక పోగ్సన్ దీనికి ‘ఆసియా’ అని పేరు పెట్టాడు. గ్రీకు పురాణాలలో ఆసియా ఒక దేవత కూడా. లఘుగ్రహాలకు దేవతల పేర్లు పెట్టే ఆనాటి ఆచారమూ దీనితో చెల్లింది. వరుసలో దీని సంఖ్య 67. తరువాత మద్రాసులోనే ఆయన మరి నాలుగింటిని కనుగొన్నాడు. వాటిలో 1866 నాటి సిల్వియాకు రెండు చిన్న ఉపగ్రహాలున్నవని 2001లోను, 2004లోను జరిగిన పరిశీలనలవల్ల తెలిసింది.

ఆసియా వ్యాసం సుమారు 60 కిలోమీటర్లు. తన చుట్టూ తాను తిరగటానికి దాదాపు 16 గంటలు పడుతుంది. దాని కక్ష్య దీర్ఘవృత్తం: సూర్యునికి 29.5 కోట్ల కిలోమీటర్ల దగ్గరకు వచ్చి, 43 కోట్ల దూరం దాకా పోతుంది. సగటు దూరం, భూమి దూరానికి 2.42 రెట్లు. కెప్లర్ మూడవ నియమం చెప్పేటప్పుడు తరగతిలో ఈ అంకెను వాడుకోవచ్చు. 2.42 ఘనం 14.17, దాని వర్గమూలం 3.76. అనగా ఆసియాకు ఒక సంవత్సరమంటే మనకు మూడేళ్ల తొమ్మిది నెలలు.